రుషికొండలో గొడుగు ఎగిరిపోయింది, ఇప్పుడు ఏ లైటు కొనాలి?

ఎంవీపీ సండే కెమెరా:
అందరికీ నమస్కారం. వారమంతా బ్యాంకు ఉద్యోగం, ఆదివారం ఫొటోలు. ఎక్కువగా పెళ్ళికి ముందు జంటల ఫొటోలు, ఓణీల ఫంక్షన్ అమ్మాయిల పోర్ట్రెయిట్లు.

మొన్న ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి విశాఖ రుషికొండ బీచ్‌లో స్టాండు, దాని మీద స్పీడ్‌లైటు (కెమెరా మీద పెట్టుకునే చిన్న ఫ్లాష్), దాని వెలుగు మెత్తబడటానికి తెల్ల గొడుగు పెట్టాను. ఒక్క గాలి విసురు. స్టాండు లేచింది, గొడుగు తిరగబడింది, ఫ్లాష్ కాలు విరిగి ఇసకలో పడింది. అప్పుడు పెళ్ళికూతురి తమ్ముడు తీరిగ్గా "పట్టుకోమంటారా అన్నా?" అన్నాడు.

నిజానికి అది పడకముందే తలనొప్పి. కళ్ళు చికిలిస్తున్నారని జంటని ఎండకి వీపు పెట్టి నిలబెట్టాను. ఆకాశం రంగు సరిగ్గా వచ్చేలా పెడితే మొహాలు నల్లగా, మొహాలు వచ్చేలా పెడితే ఆకాశం తెల్ల కాగితం. ఫ్లాష్ ఫుల్ పవర్‌లో కొడితే మళ్ళీ రెడీ అయ్యేసరికి ఆ అమ్మాయి నవ్వు అయిపోతోంది.

మాఘంలో నాలుగు బుకింగ్‌లున్నాయి. బడ్జెట్ అన్నీ కలిపి 40 వేలు. యాక్టివా మీద వెళ్తాను, అసిస్టెంట్ లేడు. రెండు స్పీడ్‌లైట్లా, 200 వాట్ సెకన్ల (ఫ్లాష్ శక్తి కొలత) బ్యాటరీ ఫ్లాషా, అప్పు చేసి 400దా, లేక ఎల్‌ఈడీనా? తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధార రీల్స్:
ఎల్‌ఈడీ తీసుకో బ్రో. కంటికి ఏది కనిపిస్తే అదే ఫొటోలో వస్తుంది. రీల్స్‌కి కూడా పనికొస్తుంది, డబ్బులు రెండిందాలా వస్తాయి. నేను 60 వాట్లదే వాడుతున్నా.

పాత పోస్టాఫీసు బాబాయ్:
రీల్స్ తమ్ముడూ, నీ 60 వాట్లు చీకటి పడ్డాక ఆర్కే బీచ్ రోడ్డు మీద బ్రహ్మాండం. పొద్దున తొమ్మిదింటి ఎండలో మాత్రం అది వెలిగిందో లేదో దగ్గరికెళ్ళి చూసుకోవాలి. ఫ్లాష్ తన శక్తంతా కన్ను మూసి తెరిచేలోపు కక్కేస్తుంది, ఎల్‌ఈడీ అదే పనిగా చిన్నగా పోస్తూ ఉంటుంది. ఎండతో పోటీకి మొదటిదే కావాలి.

సండే బాబూ, లైటు సంగతికి ముందు ఒక మాట. మనది తూర్పు సముద్రం. నువ్వు చూసే వీడియోలన్నీ పడమటి సముద్రం దగ్గర, జంట వెనక సూర్యుడు మునుగుతుంటే తీసినవి. మనకి సూర్యుడు మునిగేది కొండల వెనక. ఇక్కడ సముద్రాన్ని వెనక పెట్టుకుని జుట్టు అంచు మెరవాలంటే తెల్లారేసరికి బీచ్‌లో ఉండాలి. మొహాలు నీడలో ఉండేది, ఫ్లాష్ అక్కరపడేది అప్పుడే. పైగా ఆ వేళ గాలి తక్కువ. సాయంత్రం ఎండ నీ వీపు మీద, వాళ్ళ మొహాల మీద పడుతుంది, కళ్ళు చికిలిస్తారు. ఎండ కొండ చాటుకి పోయేదాకా ఆగితే సముద్రం మీద వెలుగు కూడా తగ్గుతుంది, అప్పుడు చిన్న ఫ్లాషైనా సరిపోతుంది. నువ్వు నాలుగున్నరకి మొదలెట్టావు, అదీ గొడుగుతో!

ఇక లెక్క. నిండు ఎండలో ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, షట్టర్ సెకనులో 1/200 వంతు పెడితే ఎపర్చర్ (లెన్స్ రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దది) 11 దగ్గరుంటుంది. వెనకాల మసకబారాలని 2.8కి తెరిస్తే షట్టర్ 1/3200 కావాలి. అక్కడ హై స్పీడ్ సింక్, అంటే అంత వేగం షట్టర్‌తో ఫ్లాష్ కలిసే పద్ధతి, తప్పదు. షట్టర్ ఒక సన్నని సందులా జరుగుతుంటే ఫ్లాష్ గబగబా మినుకుతూనే ఉండాలి, దాంతో వెలుగు రెండు స్టాపుల దాకా పోతుంది, స్టాపుకి సగం చొప్పున. అదే లెన్స్‌కి మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్ల అద్దం) బిగిస్తే 1/200లోనే ఎపర్చర్ 4కి రావచ్చు. ఎన్‌డీ ఫ్లాష్ వెలుగునీ కోస్తుంది కదా అంటావు. కోసినంతా ఎపర్చర్ తెరిచి తెచ్చుకున్నాం, హై స్పీడ్ నష్టం తప్పించుకున్నాం.

400కి అప్పు చేయకు. 200 నుంచి 400కి వెళ్తే వెలుగు రెండింతలే. అదే లైటుని పది అడుగుల నుంచి ఐదడుగులకి జరిపితే నాలుగింతలు, అదీ పైసా ఖర్చు లేకుండా. గోడాక్స్ ఏడీ200ప్రో లాంటిది చాలు. నిండా చార్జి చేస్తే ఫుల్ పవర్‌లో 500 దెబ్బలని కంపెనీ లెక్క, కిలోలోపు బరువు. ఏడీ400ప్రో రెండు కిలోలు దాటుతుంది, దాన్ని గాలిలో నిలబెట్టాలంటే బరువు స్టాండు, దానికి తగ్గ సంచి... అవన్నీ నీ యాక్టివా మీద ఎక్కడ పెడతావు?

భీమిలి స్టూడియో:
బాబాయ్ చెప్పింది నిజం, కానీ ఈ గోలంతా స్టాండు వల్లే కదండీ. నేను బీచ్‌లో స్టాండు వాడటం మానేసి మూడేళ్ళయింది. హార్డ్‌వేర్ షాపులో పెయింటర్లు రోలర్‌కి తగిలించే పొడుగు కర్ర దొరుకుతుంది. దాని కొసకి అడాప్టర్ పెట్టి, ఫ్లాష్‌కి రెండడుగుల సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టె) తగిలించి, వచ్చిన చుట్టాల్లో ఒకరి చేతికిస్తాను. గాలి వస్తే మనిషి తట్టుకుంటాడు, స్టాండు తట్టుకోదు. పెళ్ళికూతురి తమ్ముళ్ళు ఉన్నది ఇందుకే.

స్టాండే కావాలంటే ఖాళీ బియ్యం సంచి మడిచి తీసుకెళ్ళండి. అక్కడి ఇసకే నింపి కాళ్ళకి కట్టండి, వచ్చేటప్పుడు పారబోస్తే సరి. వెలుగు తిప్పికొట్టే రిఫ్లెక్టర్ మాత్రం వద్దు, మన గాలికి అది తెరచాప.

ఉదయపు ఎండ పసుపు, ఫ్లాష్ వెలుగు సున్నం. ఫ్లాష్‌కి పలచటి ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) అంటించకపోతే మొహం అతికించినట్టుంటుంది. ఇంకోటి, ఇంటికొచ్చాక బాగా పిండిన తడి గుడ్డతో ఫ్లాష్ పైభాగం, కాంటాక్టుల చుట్టూ తుడిచి ఆరబెట్టండి. ఉప్పు గాలికి నా మొదటి ట్రిగ్గర్ (కెమెరా మీద నుంచి ఫ్లాష్‌ని వెలిగించేది) కాంటాక్టులు ఆకుపచ్చగా అయిపోయాయి.

ఎంవీపీ సండే కెమెరా:
బాబాయ్, అక్కా, ఇద్దరికీ దండాలు. తూర్పు, పడమర సంగతి ఇక్కడే పుట్టి పెరిగి నాకు తట్టలేదు, సిగ్గేసింది. 200ది, రెండడుగుల సాఫ్ట్‌బాక్స్, ట్రిగ్గర్, ఎన్‌డీ అనుకుంటున్నా. మిగిలిన డబ్బుతో ఇంకో బ్యాటరీనా, ఇంకో ఫ్లాషా? ఇంకో అనుమానం, తెల్లవారుజామున ఐదింటికి పెళ్ళికూతుర్ని మేకప్‌తో బీచ్‌కి రప్పించడం ఎలా?

పాత పోస్టాఫీసు బాబాయ్:
బ్యాటరీ. రెండో అనుమానానికి వాళ్ళమ్మతో మాట్లాడు, పెళ్ళికూతురితో కాదు.