కంప్యూటర్ ఊహించిన పనిని ప్రోటీన్‌కి పేరుగా పెట్టేయొచ్చా?

బయో_బుల్లోడు:
మా ల్యాబ్‌లో ఒక మట్టి బ్యాక్టీరియా జీనోమ్ సీక్వెన్స్ చేయించాం. చాలా జీన్ల ఎదురుగా "హైపోథెటికల్ ప్రోటీన్" అనే వచ్చింది, అంటే పనేంటో తెలియనివన్నమాట. బ్లాస్ట్‌లో (తెలిసిన సీక్వెన్సులతో పోల్చిచూసే టూల్) దగ్గరగా తగిలినదాని పేరు పెట్టేసి డేటాబేస్‌కి ఎక్కించేయమంటున్నారు సీనియర్లు. కొత్త డీప్ లెర్నింగ్ టూల్స్ అయితే ఏకంగా ఈసీ నంబరే (ఎంజైమ్ చేసే రసాయన చర్యకు ఇచ్చే కోడ్) చేతిలో పెడుతున్నాయి. బెంచ్ మీద ఒక్క ప్రయోగం కూడా చేయకుండా ఇలా రాసేయడం సబబేనా?

పైథాన్ పంతులు:
సబబే. సీక్వెన్సులు కోట్లలో వచ్చిపడుతుంటే ఒక్కో ప్రోటీన్‌నీ శుద్ధి చేసి పరీక్షించేదెవరు? 2016లో వెంటర్ సంస్థ తయారుచేసిన కనీస కణం (బతకడానికి కావలసినంత మేరకే జీన్లు ఉంచిన బ్యాక్టీరియా) సిన్3.0లో ఉన్నవే 473 జీన్లు. వాటిలో 149 ఏం చేస్తాయో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు. క్రిస్పర్ (బ్యాక్టీరియా డీఎన్‌ఏలో మళ్లీమళ్లీ వచ్చే ముక్కల వరుస) సంగతి చూడండి. 2006లో మకరోవా, కూనిన్ బృందం జీనోములను పోల్చిచూసి, దాని పక్క జీన్ల నుంచి వచ్చే కాస్ ప్రోటీన్లు వైరస్‌ల నుంచి బ్యాక్టీరియాను కాపాడే వ్యవస్థ అని ఊహించింది. మరుసటి ఏడాదే పెరుగు తయారీలో వాడే స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ మీద వేరే బృందం ఆ రక్షణను ప్రయోగంలో చూపించింది.

పాత పిప్పెట్:
పంతులు గారూ, సగం కథే చెప్పారు. వాళ్లే 2002లో అవే జీన్లను చూసి, అది డీఎన్‌ఏ మరమ్మతు వ్యవస్థ అన్నారు! ఊహగా రాశారు కాబట్టి నాలుగేళ్లకు మార్చుకోగలిగారు.

బుల్లోడూ, నీది మట్టి బ్యాక్టీరియా అన్నావు కాబట్టి ఇది విను. మెలమైన్ డీఅమినేజ్, అట్రజిన్ క్లోరోహైడ్రోలేజ్ అని రెండు ఎంజైములున్నాయి. 475 అమైనో ఆమ్లాల్లో తేడా తొమ్మిదింట్లోనే, అంటే 98 శాతం ఒకటే. అయినా ఒకటి మెలమైన్ నుంచి అమైనో గ్రూపును ఊడదీస్తుంది, రెండోది అట్రజిన్ అనే కలుపుమందు నుంచి క్లోరిన్‌ను. బ్లాస్ట్ ఫలితం చూసి మీ సీనియర్లు ఏ పేరు పెట్టేవాళ్లంటావు?

పైథాన్ పంతులు:
అలాంటివి అరుదు మేడమ్. పైగా ఇప్పుడు, సీక్వెన్స్ చూసి ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో 20 కోట్లకు పైగా నిర్మాణాలున్నాయి. సీక్వెన్స్ మోసం చేసినా ఆకారం పట్టిస్తుంది.

పాత పిప్పెట్:
ఆకారమా? లైసోజైమ్, ఆల్ఫా లాక్టాల్బుమిన్ పక్కపక్కన పెట్టి చూడండి, కవలల్లా ఉంటాయి. మొదటిది బ్యాక్టీరియా గోడను కోస్తుంది. రెండోది పాలలో లాక్టోజ్ తయారీకి సాయపడుతుంది, దేన్నీ కోయదు. అంతెందుకు, బాతు కంటి లెన్స్‌లో ఉండే ఎప్సిలాన్ క్రిస్టలిన్ అచ్చంగా లాక్టేట్ డీహైడ్రోజినేజే. ప్రోటీన్ అదే, కానీ కంట్లో దాని ఉద్యోగం వేరు.

నైట్‌షిఫ్ట్ క్యూరేటర్:
ఇద్దరూ అసలు చోటు వదిలేసి కొట్టుకుంటున్నారు. ఊహించడం తప్పు కాదు, అది ఊహ అన్న గుర్తు చెరిగిపోవడమే తప్పు. ఒకరు పోలికను బట్టి పేరు పెడతారు, ఆ పేరును ఆధారం చేసుకుని ఇంకొకరు మరో ప్రోటీన్‌కి పెడతారు. మూడో మనిషికి వచ్చేసరికి అది నిజమైపోతుంది. 2009లో 37 ఎంజైమ్ కుటుంబాలను తనిఖీ చేసిన ఒక అధ్యయనంలో, మనుషులు చూసి సరిదిద్దే స్విస్-ప్రాట్‌లో తప్పులు లేనట్టే ఉన్నాయి. మిగతా పెద్ద డేటాబేసుల్లో మాత్రం కొన్ని కుటుంబాల్లో 80 శాతం దాటాయి.

మేడమ్, ప్రయోగం చేసినా గండం గడిచినట్టు కాదు. ఈ. కోలైలోని వైసీఐఓ ప్రోటీన్‌కి 2023లో ఒక డీప్ లెర్నింగ్ పేపర్ టీశాక్ అనే ప్రోటీన్ పనిని అంటగట్టింది, టెస్ట్ ట్యూబ్‌లో చూశాం, నిజమే అంది కూడా. అయితే టీశాక్ జీన్ తీసేస్తే ఈ. కోలై బతకదని ముందునుంచే తెలుసు. వైసీఐఓ నిజంగా ఆ పనే చేస్తుంటే, టీశాక్ లేనంత మాత్రాన అది ఎందుకు చావాలి? ఆ ప్రశ్న మోడల్ వేయలేదు, పేపర్‌ను సమీక్షించినవాళ్లూ వేయలేదు.

బయో_బుల్లోడు:
అయితే నేను "పుటేటివ్" (బహుశా) అని తగిలించి పంపేయనా?

పైథాన్ పంతులు:
తగిలించు తమ్ముడూ, కానీ నీ తర్వాత వాడుకునేవాడి స్క్రిప్ట్ మొట్టమొదట పీకేసేది ఆ మాటనే. నేనే అలాంటి లైన్ ఎన్నిసార్లు రాశానో!

నైట్‌షిఫ్ట్ క్యూరేటర్:
అందుకే పేరు వదిలేసి ఆధారం రాయమంటాను. జీన్ ఆంటాలజీలో (జీన్ల పనులను ఒకే పదజాలంతో రాసే పద్ధతి) ప్రతి పనికీ ఎవిడెన్స్ కోడ్ ఉంటుంది. ఐఈఏ అంటే మనిషి చూడకుండా యంత్రం పెట్టింది, ఐడీఏ అంటే నేరుగా ప్రయోగంలో చూసింది. నీకు కుటుంబం వరకే తెలిస్తే కుటుంబం పేరే రాయి, ఏ పదార్థం మీద పనిచేస్తుందో రాయకు.

పాత పిప్పెట్:
దానికి నేనూ సరే. బుల్లోడూ, ముందు నీకు అనుమానంగా ఉన్న జీన్‌కి అటూ ఇటూ ఏ జీన్లున్నాయో ఇక్కడ పెట్టు. ఒకే ఆపెరాన్‌లో (ఒకే స్విచ్ కింద కలిసి నడిచే జీన్ల వరుస) పడితే దాని పని గురించి బ్లాస్ట్ కంటే అవే ఎక్కువ చెబుతాయి.