అప్‌డేట్: పనామా గెయిషా ఘనత విత్తనానిదా, కొండదా?

పనామా గెయిషా కాఫీకి అంత ధర ఎందుకని, దానిని అరకులోని మా బంధువుల తోటలో నాటవచ్చా అని లోగడ అడిగాను. మీ జవాబులు చదివి, సాగు తెలిసినవారితో మాట్లాడాక తేలిన సంగతులివి.

ఈ రకం పుట్టిల్లు నైరుతి ఇథియోపియా. 1930లలో అక్కడ సేకరించిన విత్తనం టాంజానియా మీదుగా 1953లో కోస్టారికా పరిశోధన కేంద్రానికి, అటుపైన తుప్పు తెగులును తట్టుకుంటుందన్న ఆశతో పనామాకు చేరింది. కొమ్మలు పెళుసు, కణుపుల మధ్య ఎడం ఎక్కువ, కాపు పలుచన కావడంతో రైతులు పెద్దగా పట్టించుకోలేదు. (నేనైనా అదే చేసేవాణ్ణి.) పనామాలో బారూ అగ్నిపర్వతం వాలులోని బొకెతేలో కాఫీ సాగుచేసే పీటర్సన్ కుటుంబం తమ తోట పంటను భాగాలవారీగా విడదీసి రుచి చూసినప్పుడు, ఎత్తైన భాగంలోని ఈ చెట్ల గింజల్లో మల్లెపూల పరిమళం బయటపడింది, 2004 వేలంలో పౌను 21 డాలర్లు పలికి అప్పటికి రికార్డయింది.

కనుక ఘనత విత్తనం, కొండ రెండింటిదీ. అక్కడ మేలైన తోటలు 1,600 మీటర్ల పైన ఉంటాయి; చల్లదనానికి పండు నిదానంగా మాగి, గింజకు పరిమళం బాగా పడుతుంది. అరకు తోటలు చాలావరకు 1,000 మీటర్ల దరిదాపుల్లోనివి. అందుచేత ఉన్న చెట్లను కొట్టకుండా, పైవాలులో నీడ కింద కొద్ది మొక్కలే నాటమన్నాను. వాటి పండ్లను విడిగానే పల్పింగ్ (పండు తోలు, గుజ్జు తీసి గింజను వేరుచేయడం) చేయిస్తాము.