లెదర్ కోరల్ ఆరు రోజులుగా మూసుకునే ఉంది, ఎండ దెబ్బేనా?

బెజవాడ_ట్యాంకు:
150 లీటర్ల ఉప్పునీటి కోరల్ (పగడాల) ట్యాంకు, సంప్ (కింద పెట్టే వడపోత తొట్టె) లేదు. టోడ్‌స్టూల్ లెదర్, జీనియా, కొన్ని జోవాలు అనే కోరల్స్ ఉన్నాయి. లెదర్ ఆరు రోజులుగా పాలిప్స్ (పువ్వుల్లా విచ్చుకునే చిన్న నోళ్లు) బయటపెట్టడం లేదు, పైన మైనం పూసినట్టు పొర. జీనియా నిన్నటి నుంచి ముడుచుకుపోయింది. నీళ్లు తెల్లవారుజామున 28 డిగ్రీలు, మధ్యాహ్నం 31. మూడు రోజుల క్రితం రెండు ఫ్యాన్లు పెట్టాను. రోజుకి 3 లీటర్లు తగ్గుతుంటే కలిపి ఉంచిన ఉప్పునీళ్లు పోస్తున్నా. సెలైనిటీ (ఉప్పదనం, సాంద్రత లెక్కలో) 1.028, నైట్రేట్ 10, ఆల్కలినిటీ 8.5.

గుంటూరు_రీఫ్:
ముందు ఆ ఉప్పునీళ్లు ఆపండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. రోజుకి 3 లీటర్లంటే రెండు శాతం, 35 పీపీటీ (కిలో నీళ్లలో 35 గ్రాముల ఉప్పు) కాస్తా మూడు రోజుల్లో 37 అవుతుంది. మీ 1.028 సరిగ్గా ఆ లెక్కే.

దించడానికి రోజుకి 3 లీటర్ల ట్యాంకు నీళ్లు తీసి, అంతే ఆర్‌ఓ (లవణాలు తీసేసిన) నీళ్లు పోయండి. ఒక్కసారే దించితే ఉన్న జీనియా కూడా కరిగిపోతుంది. రాళ్లు, ఇసుక పోను అసలు నీళ్లు 150 ఉండవు కాబట్టి రెండో రోజు కొలిచాకే మూడో విడత. ఆవిరైన లోటు దీనికి అదనం, అదీ ఉప్పులేని నీళ్లే. గీత గీసుకుని ఉదయం, సాయంత్రం నింపండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మాత్రం 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి.

వంటింటి ప్యూరిఫయర్ నీళ్లు వద్దు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల) కంట్రోలర్ ఉంటే కొంత పచ్చినీళ్లు కలిపేస్తుంది, బోరు అయితే మరీను. మెంబ్రేన్ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలు లాగేసేది) పెట్టి, టీడీఎస్ మీటరు 0 చూపించాకే వాడాలి.

కొర్రమీను:
లెదర్ ఫ్యాన్ల కంటే ముందే మూసుకుంది కదా, అది వేరే సంగతి. ఆ మైనం పొర కుబుసం లాంటిది. వారం, ఒక్కోసారి పది రోజులు పడుతుంది. గోటితో గీకొద్దు. వేవ్‌మేకర్ (నీళ్లని కదిపే పంపు) ధార నేరుగా కొట్టకుండా, పక్కనుంచి తిరిగి వచ్చేలా పెడితే పొర దానంతటదే ఊడుతుంది. ఊడాక కూడా కండ నల్లబడినా, కుళ్లు వాసన వచ్చినా అప్పుడు ఆ భాగం కోసేయాలి.

యాక్టివేటెడ్ కార్బన్ వేసి ఉంచండి. లెదర్ వదిలే రసాయనాలు పక్క కోరల్స్‌ని అణిచేస్తాయి.

బెజవాడ_ట్యాంకు:
ఐస్ సీసాలు వేయొచ్చా అండీ?

గుంటూరు_రీఫ్:
లీటరు సీసా మీ ట్యాంకుని ఒక డిగ్రీ కూడా దించదు. పైగా కరిగాక మళ్లీ ఎక్కుతుంది, ఆ ఊగిసలాటే చెరుపు. ఫ్యాన్ కూడా పొడి వేడిలోనే బాగా పనిచేస్తుంది, ఉక్కపోత రోజు నీళ్లు అంతగా ఆవిరవవు. ఆ రోజుల్లో గదికి ఏసీ, లేదంటే చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం). మధ్యాహ్నం లైట్లు ఆపి సాయంత్రానికి మార్చినా కొంత వేడి తగ్గుతుంది.

వేడి నీటిలో ఆక్సిజన్ ముందే తక్కువ, కరెంటు పోతే ఇంకా పడిపోతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.

కొర్రమీను:
రాళ్లు కదిపితే గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. జోవాల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండొచ్చు. వాటిని పీకేందుకు రాయిని వేడినీళ్లలో వేయడం, మరిగించడం అస్సలు వద్దు, ఆవిరి పీల్చినా ప్రమాదమే.