చిన్ క్రైస్తవుల మీద బర్మా సైన్యానిది మతహింసా, తిరుగుబాటు మీద యుద్ధమా?

కొండదారి:
మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మొన్న మయన్మార్ (పాత పేరు బర్మా) మాట వచ్చింది. ఒకాయన ఇలా రాశారు: "అక్కడి సైన్యం బౌద్ధులనూ చంపుతోంది. చిన్ వాళ్లు తుపాకులు పట్టారు, ఊళ్లు కాలాయి. ఇందులో మతం ఎక్కడుంది?" ఇంట్లో వాళ్లతో గొడవెందుకని అక్కడ ఊరుకున్నాను గానీ మనసు ఊరుకోలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

చిన్ రాష్ట్రం మన మిజోరంకి ఆనుకునే ఉంటుంది. పది మందిలో ఎనిమిది మందికి పైగా క్రైస్తవులు. 1899లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులు ఆ రాష్ట్రంలోని హాఖా పట్టణానికి రావడంతో అక్కడ క్రైస్తవం మొదలైంది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ గద్దెనెక్కింది. ఆ సెప్టెంబరులో చిన్ రాష్ట్రంలోని థంట్లాంగ్ పట్టణంలో ఇళ్లు తగలబడుతుంటే ఆర్పడానికి పరుగెత్తిన ఒక పాస్టరును కాల్చి చంపారు. వేలు కోసి ఉంగరం పట్టుకుపోయారు. అక్టోబరు 29న మళ్లీ నిప్పు పెడితే ఒక్క రోజులో 160కి పైగా ఇళ్లు కాలిపోయాయి, వాటితో పాటే చర్చిలు కూడా. దాదాపు పదివేల మంది ఉండే ఊరు ఖాళీ అయింది.

సరే, ఇది యుద్ధకాలం అనుకుందాం. మరి 1990లలో? కొండ శిఖరాల మీద చిన్ వాళ్లు నిలుపుకున్న శిలువలను సైనికులు కూల్చేయించారు. కొన్నిచోట్ల వాటి స్థానంలో పగోడాలు, అంటే బౌద్ధ గుళ్లు, కట్టించారు. రాళ్లు మోసింది ఆ క్రైస్తవులే, అదీ వెట్టికి. సరిగ్గా ఆదివారం ప్రార్థన వేళకే చాకిరీకి రమ్మని కబురు పంపేవారు. కొత్త చర్చి కట్టుకోవాలంటే పర్మిషన్ కోసం ఏళ్ల తరబడి తిరగాలి. ఇవన్నీ తుపాకీకి జవాబు ఎలా అవుతాయో ఎవరైనా చెప్పండి.

నిదానం:
కొండదారి గారూ, మీరు రాసిన వాటిలో ఒక్కటీ కాదనను. కానీ "మతహింస" అన్న పేరు దగ్గరే నాకు ఇబ్బంది. 2023 ఏప్రిల్ 11న సాగైంగ్ ప్రాంతంలోని పజీజీ అనే ఊళ్లో జనం గుమిగూడిన చోట విమానం నుంచి బాంబులు వేశారు. 160 మందికి పైగా చనిపోయారు. అది ఆ దేశంలో మెజారిటీ జాతి అయిన బర్మన్ బౌద్ధుల ఊరు. 2007లో భిక్షువులు రోడ్డెక్కితే వాళ్లనూ కొట్టారు, జైళ్లలో పెట్టారు. ఆ సైన్యానికి కావలసింది అధికారం. ఎదురు నిలిచినవాడు ఎవరైనా ఒకటే. మనం "క్రైస్తవుల మీద దాడి" అని పేరు పెడితే బయటి చర్చిలు చిన్ వాళ్ల కోసం ప్రార్థిస్తాయి, మంచిదే. మరి పజీజీ తల్లుల కోసం ఎవరు మాట్లాడతారు?

రిటైర్డ్ మాస్టారు:
ఒక సంగతి ఇద్దరూ వదిలేశారు. బౌద్ధాన్ని రాజమతం చేసింది సైన్యం కాదు. 1961లో, ఎన్నికల్లో గెలిచిన ప్రధాని ఊ ను చేశాడు. ఉత్తరాన ఉండే, ఎక్కువగా క్రైస్తవులైన కచిన్ జాతివాళ్లు తుపాకీ పట్టిందీ ఆ ఏడాదే, కారణాల్లో ఇదీ ఒకటి. 1962 మార్చిలో సైన్యాధిపతి నె విన్ అధికారం లాక్కుని దాన్ని పక్కన పెట్టాడు. కానీ మిషన్ స్కూళ్లను ప్రభుత్వపరం చేశాడు, 1966లో విదేశీ మిషనరీలను పంపించేశాడు. 2015లో మతమార్పిడికి అధికారుల అనుమతి కావాలంటూ చట్టం వచ్చింది కూడా పైకి పౌర ప్రభుత్వం ఉన్నప్పుడే. అందువల్ల తప్పంతా యూనిఫాం మీదే వేసి చేతులు దులుపుకోలేం.

విశాఖ మనవరాలు:
మా నాయనమ్మ రంగూన్‌లో పుట్టింది. 1964లో దుకాణాలన్నీ ప్రభుత్వం లాగేసుకుంటే తాతయ్య పెట్టె ఒకటి పట్టుకుని ఓడెక్కాడు. విశాఖలో బర్మా క్యాంపు అంటే తెలియనివారు లేరు కదా, మా వాళ్లు దిగింది అక్కడే. కోరంగి రేవు నుంచి వెళ్లినందుకు తెలుగువాళ్లను అక్కడ "కోరంగీలు" అనేవారు. కోపం వస్తే "కలా" అనేవారు. నాయనమ్మ ఆ మాటను చివరిదాకా పలకలేదు, "ఆ మాట" అనేది.

మేం క్రైస్తవులం కాదు, తుపాకీ పట్టినవాళ్లమూ కాదు. అయినా పొమ్మన్నారు. బర్మావాడంటే బౌద్ధుడే అనే మాట అక్కడ చాలా పాతది. ఆ కొలతలో ఇమడని కోరంగీలైనా, రోహింగ్యాలైనా, చిన్లైనా పరాయివాళ్లే. నిదానం గారూ, పజీజీ వాళ్లను చంపారు, నిజమే. కానీ వాళ్లను ఎవరూ పరాయివాళ్లు అనలేదు.

కొండదారి:
అమ్మా, నేను రెండు పేరాల్లో చెప్పలేనిది మీరు ఒక్క మాటలో చెప్పారు. మాస్టారూ, ఊ ను సంగతి ఒప్పుకుంటున్నాను, "అంతా సైన్యమే" అన్నట్టు రాయడం నా పొరపాటు.

నిదానం గారూ, మీ వాదన గురించి రెండు రోజులు ఆలోచించాను. చావు దగ్గర తేడా లేదు, ఒప్పుకుంటాను. బతుకు దగ్గర ఉంది. సరిహద్దు జిల్లాల్లో సైన్యం నా త లా అనే స్కూళ్లు పెట్టింది. తిండి, హాస్టల్, చదువు అన్నీ ఫ్రీ. చిన్ రాష్ట్రంలోని పేదలకు అంతకంటే ఏం కావాలి? తీరా పంపాక పిల్లలకు గుండు చేయించి, బౌద్ధ ప్రార్థనలు చేయించారు. చదివితే ఉద్యోగం గ్యారంటీ, మతం మారితేనే. చిన్ మానవ హక్కుల సంస్థ 2012లో దీని మీద పెద్ద నివేదికే వేసింది. చిన్ల సాయుధ సంస్థ చిన్ నేషనల్ ఫ్రంట్ కాల్పుల విరమణకు సంతకం పెట్టిన ఏడాది అది! సాగైంగ్ రైతును ఎదురు తిరిగితే చంపారు. కొడుకు చదువు కోసం దేవుణ్ణి మార్చుకోమని అతన్ని ఎవరూ అడగలేదు.

ఇంకొకటి. తూర్పు సరిహద్దున ఉండే కరెన్ జాతిలో బౌద్ధులే ఎక్కువ, అయినా వాళ్ల తిరుగుబాటు సంస్థ నాయకత్వంలో క్రైస్తవులు ఎక్కువ. 1994 చివర ఆ సంస్థలోని బౌద్ధ సైనికులు విడిపోయి బర్మా సైన్యంతో చేతులు కలిపారు, నెల తిరిగేసరికి సంస్థ ప్రధాన స్థావరం మానెర్‌ప్లా పడిపోయింది. మతం ఎక్కడ కోస్తుందో ఆ సైన్యానికి బాగా తెలుసు.

నిదానం:
నా త లా గురించి నాకు ఇంత వివరంగా తెలియదు. చదివాక బాధేసింది. పేరు విషయంలో నా అనుమానం పూర్తిగా పోలేదు గానీ, "ఇందులో మతం లేదు" అని మాత్రం ఇక అనను.

సరిహద్దు గురించి ఎవరూ ఎత్తలేదు. 2021 మార్చిలో, శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదని, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చేవాళ్లను రానివ్వొద్దని మన కేంద్రం సరిహద్దు రాష్ట్రాలకు లేఖ పంపింది. అప్పటి మిజోరం ముఖ్యమంత్రి జోరంతంగా, వాళ్లు మా రక్తసంబంధీకులు, ఊరుకోలేమని ప్రధానికి రాశారు. సరిహద్దులోని తియావు నది దాటి వచ్చిన వేలమందికి చర్చిలు, ఊరి సంఘాలు బియ్యం పోగుచేసి పెట్టాయి. 2024లో సరిహద్దుకు 16 కిలోమీటర్ల దాకా ఉన్న స్వేచ్ఛా రాకపోకల ఏర్పాటునూ ఎత్తేస్తామన్నారు. ఇది మతహింసో యుద్ధమో మనం తేల్చేలోపు ఆ నది దగ్గర నిలబడ్డవాళ్ల సంగతేమిటి?

విశాఖ మనవరాలు:
తాతయ్య ఓడ దిగినప్పుడు ఇచ్చిన కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. దాని మీద ఆయన పేరు కింద "బర్మా నుంచి తిరిగి వచ్చినవారు" అని ఉంటుంది. తియావు దాటిన వాళ్లకు ఆ ఒక్క కాగితం కూడా లేదండీ.