అప్‌డేట్: నేషనల్ పార్క్స్ పాస్ ఉన్నా జేమ్స్‌టౌన్‌లో మళ్ళీ డబ్బులెందుకు?

వర్జీనియాలో జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్ మూడు చారిత్రక ఊళ్ళూ ఆ పాస్‌తో (అమెరికా ఫెడరల్ పార్కుల ప్రవేశానికి కొనుక్కునేది) చూడొచ్చా అని ఇక్కడ అడిగాను కదా, తేలింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"జేమ్స్‌టౌన్‌లు రెండున్నాయి" అన్నవాళ్ళ మాటే కరెక్ట్. 1607లో ఇంగ్లీషు వలసదారులు దిగిన అసలు చోటు హిస్టారిక్ జేమ్స్‌టౌన్. అక్కడ ఫీజు రెండు ముక్కలు: ఫెడరల్ ప్రభుత్వ నేషనల్ పార్క్ సర్వీస్ వాటాకి పాస్ చెల్లుతుంది, ప్రిజర్వేషన్ వర్జీనియా అనే స్వచ్ఛంద సంస్థ వాటా విడిగా కట్టాల్సిందే. జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ రాష్ట్రం నడిపే మ్యూజియం, పాస్ అసలు పనికిరాదు. పిల్లలుంటే ఇదే నయం, ఆ వలసదారులు వచ్చిన ఓడల నమూనాల మీదకి ఎక్కనిస్తారు. పెద్దవాళ్ళకి మాత్రం నా ఓటు అసలు చోటుకే. వలసదారులు కట్టుకున్న కోట పక్కనున్న జేమ్స్ నదిలో కొట్టుకుపోయిందనే చాలాకాలం అనుకున్నారు. 1994లో మొదలైన తవ్వకాల్లో దాని కర్రగోడ ఆనవాళ్ళు బయటపడ్డాయి. నేలలో పాతిన కర్రలు కుళ్ళిన చోట మట్టి ముదురు రంగు తేలుతుంది, గోడ గీతని అలాగే పట్టుకున్నారు. అక్కడి మ్యూజియం ఆర్కియేరియం వదలొద్దు.

విలియమ్స్‌బర్గ్ వీధుల్లో తిరగడం ఫ్రీ, టికెట్ ఇళ్ళ లోపలికి వెళ్ళడానికే. యార్క్‌టౌన్‌లో అమెరికా స్వాతంత్ర్య పోరాటం నాటి 1781 యుద్ధభూమికి పాస్ చాలు. పక్కనున్న అమెరికన్ విప్లవ మ్యూజియం మళ్ళీ రాష్ట్రానిది, పాస్ చెల్లదు; జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్‌తో కలిపి కాంబో టికెట్ దొరుకుతుంది.

ఈ దారికి టోల్ ట్యాగ్ కావాలా అని కొందరు చర్చించారు, అది అనవసరం. మూడింటినీ కలిపే 23 మైళ్ళ కొలోనియల్ పార్క్‌వే రోడ్డుకి టోల్ లేదు, కార్లని జేమ్స్ నది దాటించే ఫెర్రీ కూడా ఉచితమే. పార్క్‌వే మీద పెట్రోల్ బంకులుండవు, ముందే కొట్టించుకోండి.