పిల్లి మన పక్కలో పడుకునేది ఇష్టంతోనా, వెచ్చదనం కోసమా?

కొత్తపిల్లి:
మా దానికి ఆరు నెలలు. దానికోసం మెత్తటి పరుపు కొంటే, దాన్ని తొక్కుకుంటూ వచ్చి నా మోకాళ్ళ వెనక సందులో ముడుచుకుంటోంది. కదిలితే లేస్తుందని నేను రాత్రంతా అలాగే పడుకోవడం, తెల్లారేసరికి కాళ్ళు తిమ్మిరెక్కడం. దీనికి నేనంటే ఇష్టమా, లేక నేనొక హీటర్‌నా?

తర్కం88:
హీటరే. పిల్లి ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీలు. చుట్టూ 30 డిగ్రీల పైన ఉంటేనే దానికి హాయి, అంతకన్నా తగ్గితే ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికి అదనంగా శక్తి ఖర్చవుతుంది. కాబట్టి వేడి ఎక్కడుంటే అక్కడికి చేరుతుంది. ల్యాప్‌టాప్ ఎక్కుతుంది, అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలెక్కుతుంది. వాటి మీదా ప్రేమేనా?

నిద్రలేమి:
మాది నా ముఖం మీద పడుకుంటుంది. దీన్నేమంటారో ఇద్దరూ తేల్చండి.

మూడుపిల్లులిల్లు:
తర్కం గారూ, మా ఇంట్లో నలుగురం ఉన్నాం. నలుగురి ఒళ్ళూ వెచ్చనే. మావారైతే మనిషి రూపంలో ఉన్న కుంపటి. అయినా మా పెద్దది ఆయన్ని దాటుకుని నా దగ్గరికే వస్తుంది, ఎందుకంటారు? పిల్లి బుగ్గల్లో, నుదుటి మీద, పాదాల్లో వాసన గ్రంథులుంటాయి. తల రుద్దడం, పాలు తాగేటప్పటిలా కాళ్ళతో పిసకడం, తర్వాత ఆనుకుని పడుకోవడం, ఇలా తన వాసన మనకి పూసి, మనది తను పూసుకుంటుంది. వేటాడే జంతువే అయినా దాన్ని వేటాడేవీ ఉన్నాయి. నిద్రపోతున్నప్పుడే దానికి ప్రమాదం ఎక్కువ. నమ్మకం లేనివాళ్ళ పక్కన కళ్ళు మూస్తుందా? 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు పిల్లికూనల మీద పరీక్ష చేశారు. దాదాపు 64 శాతం కూనలకి పెంచినవాళ్ళతో గట్టి అనుబంధం కనిపించింది, చంటిపిల్లలకి తల్లితో ఉన్నట్టే.

తర్కం88:
ఆ పరీక్ష నేనూ చదివాను. గదిలో రెండు నిమిషాలు మనిషితో, రెండు నిమిషాలు ఒంటరిగా, మళ్ళీ రెండు నిమిషాలు మనిషితో. అందులో పక్క ఎక్కడుంది? నిద్ర ఎక్కడుంది?

మూడుపిల్లులిల్లు:
అయితే నా పరీక్ష వినండి. చలి రాత్రి వేడినీళ్ళ బ్యాగ్‌కి దుప్పటి చుట్టి దాని పరుపులో పెట్టాను. కాసేపు దాని మీదే పడుకుంది. అర్ధరాత్రి లేచి చూస్తే నా మెడ పక్కన ఉంది.

తర్కం88:
బ్యాగ్ చల్లారి ఉంటుంది.

మూడుపిల్లులిల్లు:
చల్లారలేదు. ముట్టుకుని చూశాను.

తర్కం88:
దుప్పటి మీంచి ముట్టుకున్నారా, లోపల చెయ్యి పెట్టా?

దారినపోయేవాడు:
రెండు రోజులుగా బ్యాగ్ దగ్గరే ఉన్నారు మీరిద్దరూ.

పాతకాపు:
ఒక్క మాట. ఎప్పుడూ దూరంగా పడుకునే పిల్లి ఉన్నట్టుండి అంటిపెట్టుకున్నా, పక్కలో పడుకునేది మంచం కింద దాక్కున్నా డాక్టర్‌కి చూపించండి. మాది అలా దాక్కుంటే అలిగిందనుకున్నాను. తీరా చూస్తే కిడ్నీ జబ్బు.

మూడుపిల్లులిల్లు:
దుప్పటి లోపలే పెట్టాను! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఇదే. అసలు మీరెప్పుడైనా పిల్లిని పెంచారా? గూగుల్‌లో చదివి మాట్లాడేవాళ్ళకి అర్ధరాత్రి మెడ పక్కన ఆ గురగుర ఏం తెలుస్తుంది?

తర్కం88:
తొమ్మిదేళ్ళు పెంచాను. నా ఎడమ భుజం మీద గడ్డం ఆనించి పడుకునేది. ఇప్పటికీ నేను ఆ పక్కకి తిరిగి పడుకోను. ఇల్లు మారాల్సి వస్తే కింది పోర్షన్ వాళ్ళకిచ్చి వచ్చాను. పిల్లి ఇంటికి అలవాటు పడుతుంది గానీ మనిషికి కాదని అందరూ చెప్పారు. నేనూ అదే అనుకున్నాను. ఇల్లు దానికే మిగిలింది, వెచ్చటి పక్క ఇంకొకటి దొరికింది, అంతే. మీరు చెప్పేదే నిజమైతే నేను చేసిందేమిటి?

నిద్రలేమి:
అయ్యో.

మూడుపిల్లులిల్లు:
ఇది మొదటే చెప్పాల్సింది, ఆ బ్యాగ్ గోల తప్పేది. మీ మనసు కోసం మాట మార్చలేను. కొన్నాళ్ళు మీకోసం వెతికే ఉంటుంది. కానీ కొత్త ఊళ్ళో, తెలియని గదుల్లో మంచం కింద నక్కే బాధ దానికి తప్పింది, ఇదీ నిజమే. మళ్ళీ వెళ్ళి చూశారా?

తర్కం88:
ఒకసారి వెళ్ళాను. కిటికీలో పడుకుని ఉంది. మెట్లెక్కకుండా వచ్చేశాను.

మూడుపిల్లులిల్లు:
కిటికీలో ఎండ ఉందా?

తర్కం88:
ఉంది. నవ్వించకండి.

కొత్తపిల్లి:
అందరికీ నమస్కారం. ఇంతకీ నా కాళ్ళ తిమ్మిరికి ఏం చెయ్యమంటారు?

తర్కం88:
మోకాళ్ళ వెనక దిండు పెట్టుకోండి. ఆ సందు మూసుకుపోతే కొంచెం వెతుక్కుని పైకి వస్తుంది. భుజం దగ్గర చోటు ఉంచండి.