మా వీధిలో నలుగురికి డెంగీ, సర్కారు లెక్కలో ఒక్కటీ లేదేంది?

బైరాగిపట్టెడ సామి: అందరికీ నమస్తే. తిరుపతిలో మా వీధిలో పోయిన నెల నలుగురికి డెంగీ అన్నారు, మా పిల్లోడికీ వచ్చింది, అదే ఐడీఎస్‌పీ (జబ్బులు యాడ ప్రబలినాయో చూసే సర్కారు విభాగం) వారం రిపోర్టు తీసి చూస్తే మన ఊరి పేరే లేదు, దాచిపెడతాండారా? ఇంకోటి, అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టడానికి షుగర్ లెక్క కూడా చూద్దామని ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 (కేంద్రం చేసే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) తెరిస్తే అసలు తిరుపతి జిల్లానే కనపడలా. చిత్తూరుది మనదని వేసేయొచ్చా?

ల్యాబోడు: పిల్లోడికి ఇప్పుడెట్లుంది? టెస్టు కార్డు మీద చేశారా, ల్యాబులో మిషన్ మీద చేసే ఎలైజానా? చుక్క వేస్తే పదిహేను, ఇరవై నిమిషాల్లో గీత వచ్చే కార్డు అయితే సర్కారు దాన్ని ఖాయం కేసుగా రాసుకోదు, అనుమానం కిందనే పెడతారు. ఎన్ఎస్1 (వైరస్ ప్రొటీను) గానీ ఐజీఎం (దానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీ) గానీ ఎలైజాలో పాజిటివ్ రావాల. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. ప్రైవేటులో సగం మంది కార్డుతోనే సరిపెట్టేస్తారు, నేను చూసిన మటుకు చెప్తాండా.

పీలేరోడు: దానికి తోడు వారం రిపోర్టులో వచ్చేది మొత్తం కేసులు కాదు బ్రదర్, ఒకే చోట గుంపుగా వచ్చి అవుట్‌బ్రేక్ అని రాసినవి మాత్రమే. పేరు లేదంటే జబ్బు లేదని కాదు. ఇంక జిల్లా సంగతి, ఆ సర్వే మన రాష్ట్రంలో చేసింది 2019లో, తిరుపతి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న, అందులో యాడుంటాది? ఆ చిత్తూరు అంటే 2011 జనాభా లెక్కల్లో 41.7 లక్షల మంది ఉండిన పాత జిల్లా, మా పీలేరు, మదనపల్లి కూడా దాంట్లోవే (2022లో మమ్మల్ని అన్నమయ్యలోకి తోశారు, ఆ బాధ ఇంకోసారి). అప్పుడే మీ తిరుపతిలోకేమో నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట వచ్చి కలిసినాయి. కాబట్టి వేస్తే 'పాత చిత్తూరు జిల్లా, 2019' అని రాసి వెయ్యి. ఇంకొకటి, సర్వేవాళ్లు 15 ఏళ్లు దాటినోళ్లకి వేలు గుచ్చి ఒక్కసారి చూసిన షుగర్ అది, తిన్నాకా తినకముందా అని విడదీయలా, 'ఇంతమందికి షుగర్ జబ్బు' అని రాసేయకు.

బైరాగిపట్టెడ సామి: కార్డే అన్నా!! పిల్లోడు బాగుండాడు. మరి డెంగీ లెక్కకి కొత్త తిరుపతి, కొత్త చిత్తూరు జిల్లాలు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చా?

పీలేరోడు: పెట్టొచ్చు, ఉత్త కేసులు మాత్రం పెట్టకు. 2022లో చీల్చినప్పటి హద్దులతో, 2011 జనాభా లెక్క ప్రకారం తిరుపతిలో దగ్గర దగ్గర 22 లక్షల మంది, చిత్తూరులో 18.7 లక్షలు. మాటవరసకి మీకు 220, వాళ్లకి 187 వచ్చినాయనుకో, చూసేదానికి మీదే ఎక్కువ, లెక్క కడితే రెండూ లక్షకి పదే. నెలలు కూడా కలవాల, మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలే గట్టివి కదా, జూన్‌ని నవంబరుతో పోలిస్తే ఏం లాభం.

ల్యాబోడు: వీధి లెక్క యాడా దొరకదు. మండలం వారీగా కావాలంటే జిల్లా మలేరియా ఆఫీసుకి పది రూపాయలు కట్టి ఆర్‌టీఐ పెట్టు, 'ఎలైజా పరీక్షలు ఎన్ని చేశారు, పాజిటివ్ ఎన్ని' అని రెండూ అడుగు. ఒట్టి పాజిటివ్‌లు అడిగితే, పరీక్షలే చెయ్యని మండలం బ్రహ్మాండంగా కనపడతాది.

బైరాగిపట్టెడ సామి: రేపే పెడతా. 'దాచేశారు' అని గ్రూపులో రాత్రి ఒక మెసేజ్ కొట్టేసినా, ఇప్పుడది పోయి డిలీట్ చేసొస్తా 🙏